కార్డు మీద పేరున్నోళ్ళకే

మళ్ళీ వచ్చింది సెల్వీ, ఆ మెసేజు. పొద్దున్నే ఫోను టింగుమనె. కంపెనీ నించి లోడుకు పిలుస్తా ఉండారేమో అని చూస్తి. చూస్తే బ్యాంకోళ్ళు! 'మీ కార్డు మీద ఈ ఏడాది ఉచిత ఆరోగ్య పరీక్ష ఉంది, వాడుకోండి' అంట. వాడుకోవాలంట! మిషను పంపేది, దానికేమి తెలుసు పావం.

నువ్వు పోయి నాలుగు నెలలాయె. ఈ ఫొటో ముందర నిలబడి ఒక మాట మాట్లాడే మొగం లేకపాయె నాకు. ఈరోజు మాట్లాడతా. విను. వినకుండా యాడికి పోతావులే ఇప్పుడు?

ఆ కార్డు నేను అడిగిందా? చెనిక్కాయల కడలమిఠాయి కంపెనీలో వ్యాను తోలేవానికి క్రెడిట్ కార్డు ఏంటికి? సంబళం ఆ బ్యాంకులో పడతాదని అందరికీ ఒకటి ఇచ్చిపోయిరి. బీరువాలో పడి ఉండె. మా కంపెనీలో లెక్కలు రాసే కుమారవేల్ లేడా, వాడు దాంతో వచ్చిన పుస్తకం అంతా చదివినాడు. "అన్నా, దీంట్లో ఉండేది ఎవరికీ తెలీదు. ఏడాదికొక తూరి ఒళ్ళంతా చూస్తారు, సుమ్మానే. పైసా లేదు. నువ్వు వదిలేస్తే బ్యాంకుకే లాభం" అనె.

ఊరికే వచ్చేది నేను వదిలేవాడినా? నీకు తెలీదా!

కోవిల్‌పట్టిలో ఆ ల్యాబు లేదు. విరుదునగర్ పోవాల. ఏమీ తినకుండా రమ్మనిరి. "రక్తం తీసే ఊసి చూస్తే నీకు కండ్లు తిరుగుతాయి, నేను కూడా వస్తా" అంటివి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి లీవు పెట్టితివి. అప్పటికే కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు నీకు. పొద్దున లేస్తే మొగం కూడా ఉబ్బే ఉండె. ఎండాకాలం అట్లనే ఉంటాది అంటి నేను. డాక్టరు మాదిరి చెప్తి!

నాకోసరం నువ్వు కూడా కాఫీ తాగలే ఆ పొద్దు. "నువ్వు పస్తుంటే నాకెట్ల దిగుతాది?" అంటివి. బస్సు సాత్తూరు దాటినాక కిటికీ బయట తల పెట్టి ఓకరిస్తివి. నీళ్ళు తప్ప ఏమీ రాలే. కాలీ కడుపు గదా అంటి. అన్నిటికీ నా దగ్గర ఒక జవాబు ఉండె చూడు.

ల్యాబులో ఎంత మరియాద! ఏసీ గది, మెత్త కుర్చీ, "రండి సార్, కూర్చోండి సార్". సార్ అంట నన్ను! రక్తం తీసిరి, గుండె చూసిరి, కడుపు మీద ఏదో చల్లగా పూసి మిషను పెట్టి చూసిరి. నా చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకొని బయట బెంచీ మీద కూర్చొని ఉంటివి నువ్వు. తలుపు సందులోంచి చూస్తి. గోడకు తల ఆనిచ్చి కండ్లు మూసుకొని ఉంటివి.

అయినాక ఎదురుగా నూనె పరోటా కొట్టుకు పిలుచుకొని పోతి. నేను ఐదు తింటి. నువ్వు ఒకటి తుంచి, సగం నా ఆకులో వేస్తివి. దాన్నీ తింటి.

మరుసటి రోజు ఫోనులో రిపోర్టు వచ్చె. కుమారవేల్ చదివి చెప్పె. "ఇరవై ఏండ్ల పిల్లగాని ఒళ్ళు నీది అన్నా." నువ్వు ఎంత సంతోషపడితివి! మిరపకాయలు, ఉప్పు తీసి నా చుట్టూ మూడు సుట్లు తిప్పి పొయ్యిలో వేస్తివి. నాకు దిష్టి తీస్తివి. నాకు!

మూడు నెలలు దాటినాక, ఆడి నెలలో ఫ్యాక్టరీలో పడిపోతివి. మదురై పెద్దాస్పత్రిలో ఆ డాక్టరమ్మ కాగితం చూసి, "రెండు కిడ్నీలూ పోయినాయి. మూడు నాలుగు నెలల ముందర ఒక్క రక్తపరీక్ష చేసింటే మాత్రలతో ఆపి ఉండొచ్చు. ఒక్క తూరి కూడా చూపించలేదా?" అని నన్ను అడిగె. "నా విధి డాక్టరమ్మా" అని నువ్వే మంచం మీది నించి జవాబు చెప్తివి. నీ విధి కాదు సెల్వీ. దాని కోసరమే ఇంతసేపు సుట్టు తిప్పి మాట్లాడతా ఉండా.

ఆ పొద్దు ల్యాబులో నాకు రక్తం తీసిన పిల్ల, దేవిప్రియ అని కోటు మీద రాసి ఉండె, అది నిన్నే చూస్తా ఉండె. నువ్వు మొగం కడుక్కొనేకి లోపలికి పోతివి గదా, అప్పుడు నా దగ్గరికి వచ్చె. "అన్నా, అక్క మొగం, కాళ్ళు ఉబ్బి ఉండాయి. ఏమన్నా తినిందా?" అనె. లేదు, నాతో పస్తే అంటి. "అయితే మంచిదే, ఇప్పుడే రక్తం తీసేస్తా. కార్డు మీద పేరున్నోళ్ళకే ఊరికే చేసేది. అక్కకు నాలుగువందల యాభై అవుతాది" అనె.

నా జేబులో ఉండె సెల్వీ. లేదని కాదు. ఊరికే చూపించుకొనేకి వచ్చి డబ్బు ఇచ్చేదా అనిపించె. అంతే. "అదేం లేదు పాపా, ఆమె ఎప్పుడూ అట్లనే" అంటి. ఆ పిల్ల ఇంకొక తూరి నా మొగం చూసి పోయె.

నువ్వు కొంగుతో మొగం తుడుచుకుంటా వచ్చితివి. "ఆ పిల్ల ఏమి అడిగె?" అంటివి.

ఫోను నంబరు అడిగె అంటి.

సరే అంటివి. నా చొక్కా గుండీలు నువ్వే పెట్టితివి.