వేరా వదిన కొరికిన యాపిల్

యూరప్ ఆంక్షలకు బదులుగా రష్యా అక్కడి పళ్లను రానివ్వడం మానేసిన రెండో శరత్కాలంలో, పోలండ్‌లో తోటలో ఉన్న రైతుకి ఒకప్పుడు అతని కాయలు కొన్న పాత వ్యాపారి మాస్కో నుంచి ఫోన్ చేశాడు.

“ఏం తమ్ముడూ, బతికే ఉన్నావా?”

“ఉన్నానన్నా. వేరా వదినకెలా ఉంది?”

“మంచం దిగట్లేదు. సూప్ కూడా సయించట్లేదు. నిన్న బజార్లో ఎర్ర యాపిల్ దొరికింది. పెట్టె మీద బెలారస్ అని రాసుందిలే. ఒక ముక్క కొరికి, ‘ఇది మన తమ్ముడి తోటదే’ అంది. కాయంతా తినేసింది.”

“ఆ పులుపు మీకే నచ్చుతుంది. ఇక్కడెవరూ ముట్టరు.”

“బెలారస్ పేరు పెట్టి దొంగదారిన పంపుతున్నావు కదూ? వచ్చే ఏడూ వస్తాయా అని అడగమంది.”

కొనేవాళ్లు లేక ఆ ఏడు వసంతంలోనే, పూత రాకముందే పెకలించేసిన ఆ యాపిల్ చెట్లన్నీ రైతు ముందు ఎండి, గుట్టగా పడున్నాయి.

“మావేనన్నా,” అన్నాడు. “వస్తాయని చెప్పు.”