మునిగిన దీవిని తేల్చిన ఒక్ గీప్యో గారు

1989 మార్చి రెండవ తేదీన శ్రీ ఒక్ గీప్యో గారు బూసాన్‌లోని మా పటాల ముద్రణాలయంలో లేఖకులుగా ప్రవేశించారు. నాటి నుంచి నేటి పదవీ విరమణ దాకా వారి సాహచర్యం మాకు లభించిన భాగ్యం. ఆ భాగ్యంతో మాకు తల ప్రాణం తోకకు వచ్చిన సందర్భాలు కోకొల్లలని కూడా చెప్పకపోతే ఈ సంచికకు అన్యాయం చేసినట్టే.

తొలి సంవత్సరాలలో నావికుల పటాలు పరచుకుని కడలి లోతులను చేత్తో ఎత్తి రాసిన వారు, కంప్యూటర్లు వచ్చాక బడి గోడపటాల విభాగానికి అధిపతులయ్యారు. అసలు యాతన అక్కడే మొదలైంది. చివరి బల్ల మీది పిల్లవాడు చూసే పటానికి భూమి ఎత్తులూ సముద్రపు లోతులూ ముతకగా ఉంటే చాలునని వారి సిద్ధాంతం. ప్రపంచమంతా గాలించినా దొరికిన ఎత్తులోతుల లెక్కలన్నీ అతి సూక్ష్మమైనవే. ఒక్కటి తెరిస్తే యంత్రం మధ్యాహ్నం దాకా మూలిగేది. ఒకచోట నేల ఉంటే సముద్రం లేదు, మరొకచోట సముద్రం ఉంటే నేల లేదు. ఇంకెవరో లోతులను ధన సంఖ్యలుగా, ఎత్తులను రుణ సంఖ్యలుగా ఇచ్చిన పుణ్యానికి జిరి పర్వతం అగాధమై కూర్చుంది. ఇంత పెద్ద భూగోళానికి ఒక చిన్న లెక్క ఇమ్మంటే ఇంత రాద్ధాంతమా అని వారు బల్ల గుద్దినప్పుడల్లా మా బార్లీ టీ ఒలికేది.

2001లో ఎట్టకేలకు కోరుకున్నది దొరికింది: రెండేసి కిలోమీటర్ల గడికి ఒకే అంకె, నేలా సముద్రమూ కలిపి. దానితోనే దక్షిణ తీరపు బడుల కోసం గోడపటం సిద్ధమైంది. చూసొక్ పంటల పండుగకు వారు దాని నమూనాను మొక్‌సే దీవిలోని అత్తగారింటికి సగర్వంగా మోసుకెళ్లి నేలమీద పరిచారు. ఆ దీవి బడికీ ఆ పటమే వెళ్లాలి. అత్తగారు తన ఊరి కోసం వెతికారు. అక్కడ లేత నీలం తప్ప ఏమీ లేదు. గడిలో నేల కొంచెం, నీరు ఎక్కువ కావడంతో సగటున దీవి ఇరవై మీటర్ల లోతుకు వెళ్లిందని అల్లుడు వివరించారు.

“సగటు తీస్తే మునిగిపోయామా నాయనా? మరి పొద్దున నువ్వు తిన్న అన్నం సముద్రం అడుగున కూర్చుని వండానా?” అన్నారావిడ.

పండుగ ముగియకుండానే వారు తొలి పడవెక్కి వచ్చి ముద్రణ ఆపించారు. యజమాని మండిపడ్డారు. ఎవరికీ కనబడని దీవి కోసం పని నిలిపేస్తావా, ఉద్యోగం ఉంచుకోవాలని ఉందా లేదా అని నిలదీశారు.

“అక్కడ మా అత్తగారున్నారండీ” అన్నారు వీరు.

ఉద్యోగమూ నిలిచింది, దీవీ తేలింది. తీరరేఖలు విడిగా తెచ్చి, మునిగిన దీవులన్నింటినీ మా చేత ఒక్కొక్కటిగా పైకి తీయించారు. నాటి నుంచి ప్రతి పటం దగ్గరా “ఎవరు మునిగారో చూశారా?” అని వారు అడగని రోజు లేదు, మేము విసుక్కోని రోజూ లేదు. రేపటి నుంచి ఆ మాట వినపడదనుకుంటే బాధగానే ఉంది.

వీరు సతీసమేతంగా మొక్‌సేలో వెల్లుల్లి పండిస్తూ స్థిరపడనున్నారు. మొన్న వచ్చిన సరికొత్త ముతక లెక్కను, అడిగేవారు లేకపోయినా, తెరిచి చూశాం. మొక్‌సే ఇంకా నీళ్లలోనే ఉంది. ప్రపంచం ఎంత లోతున చూపినా, ఆ చేని గట్టు మీద పొడికాళ్లతో, ఆయురారోగ్యాలతో వారు నిండు నూరేళ్లు నడవాలి. పటంలో వారి దీవిని తేల్చే పూచీ ఇక మాది.