కాలవ వైపు కుర్చీ

ఇంగ్లండు ఉత్తరాన థాకర్‌షా అనే చిన్న ఊరు. గురువారం మధ్యాహ్నం, సన్నటి వాన. కాలవ పక్క వీధిలో మేవిస్ హెబ్డన్ అనే ముసలావిడ వంటగది. ఆవిడతో మాట్లాడడానికి వచ్చినవాడు కెల్విన్ ఓగ్డెన్, ఊరి ఫుట్‌బాల్ జట్టులో మైదానం కుడి అంచున పరిగెత్తే వింగర్.

“మళ్ళీ చెప్పు. నేనేం చెయ్యాలీ?”

“కుర్చీ మారాలి మామ్మగారూ. ఈ ఒక్క శనివారం. కాలవ వైపు స్టాండులోంచి ఎదురు స్టాండులోకి.”

“పెద్ద స్టాండులోకా? ఆ మెత్తటి కుర్చీలవాళ్ళ మధ్యకా?”

“మెత్తగా బావుంటుంది మామ్మగారూ.”

“అక్కడెవరూ అరవరురా. దగ్గు వచ్చినా పక్కవాణ్ణి అడిగి దగ్గుతారు. ముందు నువ్వు కుర్చీ లాక్కుని కూర్చో.”

“కూర్చునే ఉన్నానండీ. ఇందాకట్నించీ.”

“అయితే టీ పోసుకో. నాక్కూడా పొయ్యి.”

“ఇదిగోండి... మామ్మగారూ, కప్పులో వేలు పెట్టారేంటి?”

“నా కప్పు, నా వేలు. నిండిందో లేదో చూసుకోవద్దూ? అసలు సంగతికి రా. తొమ్మిదేళ్ళుగా నిన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. ఇప్పుడొచ్చి కుర్చీ మారమంటున్నావ్. పడలేకేగా?”

“కాదండీ. ఇంకా కావాలని.”

“ఏంటి కావాలని?”

“తిట్లు. రెండో సగంలో కూడా.”

“బంతి గానీ తలకి తగిలిందా?”

“లేదండీ. మీరే చెప్పండి, మొదటి సగం నేనెలా ఆడతాను?”

“గాడిదలా.”

“మరి రెండో సగం?”

“చచ్చిన గాడిదలా.”

“అదే! ఆ తేడా ఊరందరికీ తెలుసు. పేపర్లో నన్ను ‘సగం మనిషి’ అని రాశారు. ఆ రెండో సగం బాగుచెయ్యడానికి క్లబ్బు ఎంతమందిని పిలిపించిందో తెలుసా? ముందొకాయన వచ్చి వొంట్లో శక్తి చాలట్లేదని బీట్‌రూట్ రసం పట్టించాడు. బాత్‌రూంలో ఆ ఎరుపు చూసి మా ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేసింది.”

“రసం పనిచేసిందా?”

“మా ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. అంతే. తర్వాత నిద్ర డాక్టరొచ్చాడు. ఇంటర్వెల్లో కళ్ళు మూసుకుని పడుకోమన్నాడు. పడుకున్నాను. లేపడం మర్చిపోయారు.”

“ఓహో! ఆ రోజు మనవాళ్ళు పదిమందే బయటికొచ్చింది అందుకా? నిన్ను మాన్పించేశారనుకుని మేం చప్పట్లు కొట్టాం.”

“ఆ చప్పట్లకే మెలకువొచ్చిందండీ. ఆ తర్వాత మనసు డాక్టరొకావిడ. చిన్నప్పుడు ఇంటర్వెల్లో నీకేమైనా జరిగిందా అని అడిగింది.”

“జరిగిందా?”

“కమలాపండు ముక్కలు పెట్టేవారు. అది చెప్తే చాలాసేపు రాసుకుంది.”

“పాపం.”

“ఎవరు, నేనా?”

“ఆవిడ. చదువుకున్న పిల్ల కదా, ఏదో ఉంటుందని ఆశపడుంటుంది.”

“ఆఖరికి వీపుకి ఒక పెట్టె కట్టారు. నేనెంత పరిగెత్తానో పైనున్న ఉపగ్రహం చూసి చెప్తుందట. రెండు సగాల్లోనూ పరుగు ఒకటే. వాళ్ళెవరికీ అంతుపట్టలేదు. నాకు పట్టింది.”

“ఏంటో అది?”

“మీరు.”

“నేనా?”

“మీరే. కుడి అంచు నాది కదా. మొదటి సగంలో నేను కాలవ వైపు పరిగెడతాను, సరిగ్గా మీ కుర్చీ ముందు. ఇంటర్వెల్ అయ్యాక వైపులు మారతాయి. నా అంచు పెద్ద స్టాండు ముందుకి పోతుంది. అక్కడ మీరుండరు.”

“వాళ్ళుంటారుగా.”

“వాళ్ళు నముల్తూ ఉంటారండీ. మీరైతే ‘వెనకాలున్నాడు!’ అని అరుస్తారు. నేను తప్పుకుంటాను. ‘అంచు మీంచి పో!’ అంటారు. పోతాను. ‘తల ఎత్తరా మొద్దూ!’ అంటారు...”

“ఎత్తవుగా.”

“ఎత్తననుకోండి. కానీ వింటాను.”

“ఏదో కుదిరిందిలే. దానికి నేనెలా కారణం?”

“ఫిబ్రవరిలో ఒక ఆటకి మీరు రాలేదు.”

“దగ్గు పట్టింది.”

“ఆ రోజు రెండు సగాలూ రెండో సగంలాగే ఆడాను.”

“అయితే తప్పు దగ్గుదన్నమాట.”

“మామ్మగారూ, నవ్వులాట కాదు. కొత్త మేనేజరు ఒకటే మాట చెప్పాడు. శనివారం ఈ సీజనుకి ఆఖరి ఆట, నన్ను రెండో సగంలోనే దింపుతాడు. బాగా ఆడితే ఇంకో ఏడాది కాంట్రాక్టు. లేకపోతే...”

“లేకపోతే?”

“మా మావగారి తివాచీల కొట్టు.”

“మంచి తివాచీలేరా. మా మెట్ల మీదది ఆయన దగ్గర కొన్నదే.”

“బోర్డు కూడా రాయించేశాడండీ. చుట్టిన తివాచీని నేను కాలితో తంతున్నట్టు బొమ్మ.”

“ఏ కాలితో?”

“ఎడం కాలితో.”

“నీ ఆట ఎప్పుడూ చూళ్ళేదన్నమాట మీ మావ. సరే, ఎడం అంచున ఆడతానని చెప్పు మేనేజరుకి. రెండో సగంలో అది నా ముందుకొస్తుంది.”

“నా ఎడం కాలు నిలబడ్డానికేనండీ.”

“మీ కెప్టెన్ని అడుగు. మొదట్లో నాణెం ఎగరేసినప్పుడే వైపులు మార్చుకోమను.”

“అమ్మో! రెండో సగం చర్చి పక్కనున్న చాపెల్ గోలు వైపే ఆడాలి. మా తాత కాలం నుంచీ అంతే. ఒక్కసారి మార్చినందుకు ఒక కెప్టెన్ ఇల్లమ్ముకుని స్కాట్లండు పోయాడు.”

“పోవాల్సిందే. చాపెల్ గోలు మారుస్తాడా వెధవ! నేను కూడా అరిచాను వాడి మీద.”

“అందుకే మారాల్సింది మీరు. వైపులు మారవు, నా కాలు మారదు.”

“అసలు ఇంకో ఏడాది ఆడి ఏం సాధిస్తావురా? ముప్ఫై నాలుగొచ్చాయి. పదిహేడేళ్ళప్పుడే నిన్ను ఆ పెద్ద క్లబ్బు కొనుక్కెళ్ళింది కదా. ఊళ్ళో బాండు మేళం కూడా పెట్టాం.”

“కొన్నారు.”

“ఆడించారా?”

“ఒక్కసారి. గెలుస్తున్న ఆటలో కాస్త టైం గడపడానికి ఆఖర్లో నన్ను దింపారు. నేను గీత దాటేలోపు విజిలేశారు.”

“బంతి తాకలేదా?”

“ఆట అయ్యాక పక్కకి తన్నాను. అది చాలు కదండీ, మా అమ్మ ఫోటో తీసింది. తర్వాత నన్ను అప్పిచ్చారు. ఒక క్లబ్బు వాడుకుని తిరిగిచ్చేసేది, ఇంకొకళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు. వీధిలో ఒకరింట్లో నిచ్చెనుంటే ఏమవుతుంది, అలాగ. ఒక ఊళ్ళో అయితే నేను వచ్చానని మేనేజరుకి చెప్పనే లేదు. ఆయన నన్ను గడ్డి కత్తిరించేవాణ్ణనుకుని మూలల దగ్గర సరిగ్గా కొయ్యమన్నాడు.”

“కోశావా?”

“కోశానండీ. అందుకే రెండేళ్ళుంచుకున్నారు. ఇక్కడికి తిరిగొచ్చాకే నేను ఆటగాణ్ణయ్యాను. మీ కుర్చీ ముందు. ఇదొక్కటే వచ్చు నాకు. తివాచీ కొలవమంటే వొంకరగా కోస్తాను. మీ కోసం ఇది కూడా తెచ్చాను, చూడండి. నా ఫోటో, సంతకం చేసి.”

“ఏదీ, ఇలా ఇవ్వు... ఊఁ. బాగుంది. నవ్వు కాస్త తగ్గించాల్సింది.”

“వస్తారా మరి?”

“రాను. మోకాళ్ళు.”

“పెద్ద స్టాండుకి లిఫ్టుంది.”

“సిరిల్ కుర్చీ పక్కన నాది. నలభై ఏళ్ళుగా అక్కడే.”

“మీ ఆయనా? అయ్యో, పోయారా?”

“స్పెయిన్‌లో ఉన్నాడు, మా పక్కింటావిడతో. నా దృష్టిలో రెండూ ఒకటే.”

“మరి ఆ కుర్చీ కోసం ఎందుకండీ...”

“ఆ కుర్చీ నా సంచీ పెట్టుకోవడానికి. నా సంచీ అలవాటు పడింది. రానంటే రాను.”

“నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను.”

“చెయ్యి పట్టుకోవడం దేనికి? నేనేమన్నా కళ్ళు లేనిదాన్నా?”

“ఛ, అలా కాదండీ... మామ్మగారూ.”

“ఏంటి?”

“ఇందాక నా నవ్వు గురించి ఏదో అన్నారు.”

“తగ్గించాల్సిందన్నాను. అంత పళ్ళెందుకు ఫోటోలో?”

“ఇది ఫోటో కాదండీ. జేబులోంచి తప్పు కాగితం తీశాను. మా మావగారి తివాచీల ధరలు. ఇందులో మనుషులే లేరు.”

“టీ చల్లారిపోతోంది. తాగు.”

“కప్పులో వేలు. కూర్చున్నవాణ్ణి కూర్చోమనడం. మామ్మగారూ, మీకెప్పట్నించి కనబడట్లేదు?”

“వెలుగు తెలుస్తుంది. కాస్త.”

“ఎప్పట్నించండీ?”

“నాలుగేళ్ళవుతుందిలే. కాళ్ళకి మెట్లు తెలుసు. చేతికి కుర్చీ తెలుసు. అందుకే ఆ పక్కకి రానన్నది. ఎవరికైనా చెప్పావంటే ఊరుకోను.”

“నాలుగేళ్ళా! మరి ‘వెనకాలున్నాడు’ అని ఎలా అరుస్తున్నారు?”

“నీ వెనకాల ఎప్పుడూ ఒకడుంటాడు నాయనా. నీ పరుగు అలాంటిది.”

“బంతి నా దగ్గరుందని మీకెలా తెలుస్తుంది?”

“జనం మూలుగుతారు.”

“మరి ‘అంచు మీంచి పో’ అనేది?”

“నువ్వు లోపలికి తిరిగి ఎన్నడు బతికి బయటపడ్డావ్?”

“ఉండండి, ఉండండి. పోయినేడు కప్పు పోటీలో? ‘లోపలికి తిరిగి కొట్టు!’ అన్నారు. తిరిగాను, కొట్టాను. నా మొత్తం ఆటలో ఒకే ఒక్క గొప్ప గోలు అది. ఊరంతా పాట కట్టి పాడారు.”

“అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా. అన్నాను.”

“అంటే... అదంతా ఆడింది నేనేనా?”

“అలాగే కనబడుతోంది. నేనెవరికీ చెప్పన్లే.”

“నాకు ముందే చెప్పొచ్చు కదండీ.”

“నీకు చెప్తే క్లబ్బుకి తెలుస్తుంది. క్లబ్బుకి తెలిస్తే నన్ను తీసుకెళ్ళి మూల కూర్చోబెడతారు. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుతారు. జాలిగా మాట్లాడే పిల్లనొకదాన్ని పక్కన పెడతారు. చెవిలో పెట్టుకోమని ఏదో ఇస్తారు, అందులో మాట్లాడేవాడు సగం ఆట వాన గురించే చెప్తాడు. అక్కణ్ణుంచి నిన్ను తిట్టడమెలారా? నాకు మాత్రం వారమంతా ఇంకేముంది?”

“నేను చెప్పనండీ.”

“చెప్పవని తెలుసు. ఎవరికి చెప్తావ్, కళ్ళు కనబడని ముసలిది చెప్తే ఆడుతున్నానని?”

“నిజమే... అయితే నాకు మీరక్కర్లేదన్నమాట.”

“అక్కర్లేదు.”

“నా అంతట నేనే ఆడగలను.”

“ఆడగలవు.”

“రెండో సగమైనా.”

“రెండో సగమైనా.”

“అయితే వెళ్తాను. టీ బాగుంది.”

“మంచిది. వెళ్ళిరా.”

“ఊఁ.”

“ఇంకా అక్కడే నిలబడ్డావేం?”

“ఎలా తెలిసింది?”

“తలుపు తీసిన చప్పుడు రాలేదు.”

“భయంగా ఉంది మామ్మగారూ.”

“ఉంటుంది.”

“మీకు కనబడదని తెలిసింది. ఆడింది నేనేనని తెలిసింది. అయినా ఆ పెద్ద స్టాండు ముందు నిశ్శబ్దంలో పరిగెట్టడం తల్చుకుంటేనే మా మావగారి బోర్డు కళ్ళముందుకొస్తోంది. అయినా రండి. ఏదో ఒకటి అరవండి. తప్పైనా పర్లేదు.”

“వచ్చి నేనేం చెయ్యనురా? అక్కడ మూలిగేవాడు కూడా ఒక్కడు లేడు. బంతి నీ దగ్గరకొచ్చిందని నాకెవరు చెప్తారు?”

“పక్కవాళ్ళని అడగండి.”

“నోటినిండా తిండి పెట్టుకుని ఏం చెప్తారు వాళ్ళు? వస్తాను. కానీ ఒక షరతు.”

“ఏదైనా సరే!”

“నువ్వే చెప్పాలి. పరిగెడుతూనే. గట్టిగా.”

“ఏం చెప్పాలండీ?”

“అన్నీ. బంతి ఎక్కడుంది, మనవాళ్ళలో ఎవడు ఖాళీగా ఉన్నాడు, వాళ్ళ గోల్‌కీపరు ఎటు జరిగాడు. నాలుగేళ్ళుగా ఒక్క ఆట కూడా సరిగ్గా తెలీలేదురా నాకు. ఈ ఒక్కసారి నువ్వు అరిచి చెప్పు, నేను వింటాను.”

“ఆట మధ్యలోనా? జనం నవ్వుతారండీ!”

“ఇప్పుడేం చేస్తున్నారు?”

“మేనేజరు నాకు పిచ్చెక్కిందనుకుంటాడు.”

“తివాచీలు కోస్తావా, అరుస్తావా?”

“అరుస్తాను. కానీ మామ్మగారూ, ఒకటి. ఎవడెక్కడున్నాడో అదంతా మీకు చెప్పాలంటే నేను బంతి వైపు కాకుండా... తల ఎత్తి చూడాలి.”

“తొమ్మిదేళ్ళు పట్టిందిరా, మొద్దూ.”