నాలుగు గజాల నిద్ర

(యూనివర్సిటీ లోపల, తార్నాక వైపు గేటు దగ్గర పరశురాం చాయ్ బండి. నిద్ర జబ్బుల మీద పరిశోధన చేసే శిరీష చాయ్ తాగడానికి వచ్చింది.)

“ఆ ఎంకన్న గాడు బాగుపడడు బిడ్డా! పక్కన బండి పెట్టుకొని, పరశురాం చాయ్‌ల తుమ్ములు పడుతున్నయని క్యాంపస్ అంత చాటిండు. గిరాకీ మొత్తం ఆడికే పోతున్నది.”

“పడుతలేవా కాకా?”

“ఎన్నడో ఒకటి... హాఛ్!”

“ఇగో, నా గ్లాసుల పడ్డది.”

“మార్చిస్త తీ. గీ సర్ది గూడ ఆడు అంటిచ్చిందే.”

“ఎంకన్న కాదు, నీ గురక! ఎన్నిసార్లు చెప్పాలె? నిద్రల గొంతు మూసుకపోయి నీకు ఊపిరి ఆగుతది. ఆగినప్పుడల్ల ఆక్సిజన్ పడిపోతది. ఒంట్ల కాపలా ఉండే రక్షణ కణాలు దొంగలు పడ్డరనుకొని లేస్తయి.”

“లేవనీ. గదే గదా ఆటి నౌకరి.”

“రాత్రంత ఉత్తగనే ఉరికితే, పొద్దున నిజంగ సర్ది వచ్చినప్పుడు గేటుకాడ ఎవరుంటరు?”

“కుర్చీల పండుకుంటరా?”

“పండుకుంటరో, పిచ్చిలేసి మన మీదనే లాఠీ తిప్పుతరో. అందుకే దవాఖానల, ఊపిరి ఆగకుండ ముక్కుకు గాలి కొట్టే మిషన్ ఇచ్చిన్రు. పెట్టుకుంటున్నవా?”

“చక్కెర సరిపోయిందా బిడ్డా?”

“మిషన్, కాకా.”

“అల్మారిల ఉన్నది.”

“అల్మారి గురక పెడ్తదా?”

“మొన్న నెలంత పెట్టుకున్న గదా!”

“అప్పుడు తుమ్ములు?”

“రాలె.”

“ఒక్క నెలకే గట్టిగ చెప్పలేం గానీ... గిరాకీ?”

“లైన్ కట్టిన్రు. ఎంకన్న మొఖం మాడిపోయింది.”

“మరెందుకు తీసినవ్? చప్పుడా?”

“లేదు.”

“మాస్క్ గుచ్చుతదా?”

“గుచ్చదు.”

“మరి?”

“గురక బందైంది.”

“బంద్ కావాలనేనాయె!”

“బందైతే బాలలక్ష్మి వచ్చింది.”

“చిన్నమ్మనా? ఏడికెల్లి?”

“వంటింట్లకెల్లి. పన్నెండేండ్లాయె, నా గురకకు ఆడ చాప ఏసుకొని పండుకోబట్టి. చెవులల్ల దూది తీసేసి, దిండు పట్టుకొని మంచమెక్కింది.”

“మంచిదే గదా కాకా!”

“ఏం మంచిది? ఆ మంచం ఆరడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. తార్నాకల నాలుగు గజాలకు నేనొక్కన్నే మాలిక్! కాళ్లు చాపుకొని రాజు లెక్క పండేటోన్ని. మిషన్ పెట్టిన పాపానికి రెండు గజాలు కబ్జా అయినయ్. అందుకే దాన్ని అల్మారిల పడేసి, గోడలు అదిరేటట్టు గురక పెట్టిన.”

“చిన్నమ్మ మళ్ల వంటింట్లకు పోయిందా?”

“ఏడ పోతది! ఆ చాప తెచ్చి నా చేతుల పెట్టింది. మొత్తం నాలుగు గజాలు పోయినయ్ బిడ్డా.”