నిండు ట్యాంకు

గుత్తిలో ఒక మధ్యాహ్నం, లాప్‌టాప్‌లో ఆవిరి రైలింజన్ ఆట ఆడుతున్న అన్న పక్కకు చెల్లెలు వచ్చి కూర్చుంది.

"రైలు నిలబడిపోయిందేమన్నా?"

"బాయిలర్ పేలిపోయింది. మంటేమో ఎక్కువైంది, లోపల నీళ్లు అయిపోయినాయి."

"ఇంజన్ ఎనకాల ట్యాంకు నిండుగా ఉండాది కదా! బాయిలర్‌లోకి ఎందుకు ఇడ్సలేదు?"

"ముందు స్టేషన్లో నీళ్లు దొరకతాయో లేదోనని దాసిపెట్టినా."

"ఆటలో గూడా కరువేనా?"

"నవ్వద్దు. అలవాటైపోయింది."

"ఆ అలవాటుతోనే కదా నా నిమ్మ మొక్కకు చెంబెడు నీళ్లు గూడా పోయనియ్యవు. రేపు ట్యాంకర్ రాకపోతే ఎట్లా అంటావు. డ్రమ్ము నిండుగానే ఉండాది, మొక్క ఎండిపోతాండాది."

అన్న లాప్‌టాప్ మూసేశాడు.

"చెంబేం సాలుతాది? బకెట్ ఎత్తుకో."