టాలవీ లేని పన్నెండు

క్షమాపణా? నేనా? మీ ఆయనకా?

వెల్డా, ముందు ఆ కుర్చీలో కూర్చో. ఎండలో నడిచొచ్చావు, బుర్ర వేడెక్కింది నీకు. లేకపోతే ఆ మాట నీ నోట్లోంచి రాదు. ఇదిగో, ఈ అలసందలు కాసిని ఒలువు. చేతులు ఖాళీగా ఉంటే నువ్వు ఏడుస్తావు, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు ఏడిస్తే నేను మాట్లాడలేను. ఇవాళ నేను మాట్లాడాలి.

పీచ్ పళ్ళు కూరి తీపి పై రొట్టె చేసి తెచ్చావని కరిగిపోతాననుకోకు. పెట్టు, అక్కడ పెట్టు. తింటాను. తిని కూడా చెప్పను క్షమాపణ.

ఏంటీ? ట్రక్కులోనే కూర్చుంటున్నాడా? పొద్దున్నించీ సాయంత్రం దాకానా? రేడియో అయినా పెట్టుకుంటాడా?

పెట్టుకోడా. ఊఁ.

అలా చూడకు. నాకేం జాలి వెయ్యట్లేదు. ఇంత బతుకూ మైకు ముందు వాగినవాడు ఏడు నెల్లు నోరు మూసుకు కూర్చుంటే భూమి బద్దలవుతుందా? నేను ఇరవయ్యారేళ్ళు మూసుకున్నాను. ఒక్కరైనా పై రొట్టె చేసి తెచ్చారా నాకు?

నీకు తెలిసిన సంగతే, అయినా విను. అందరి నోటా విన్నావు గానీ నా నోట వినలేదుగా.

ఇరవయ్యారేళ్ళు టాలవీ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి బట్టలుతికాను. శనివారం వాళ్ళ ఆట, ఆదివారం నా ఉతుకు. నూట పది జెర్సీలు, నూట పది ప్యాంట్లు. మోకాలి దగ్గర పచ్చిగడ్డి మరకుంటే వాడు ఎదుటివాణ్ణి తోశాడని అర్థం. వెనకాల ఉంటే వాణ్ణే తోశారని. స్కోరు చూడక్కర్లేదే! ఆ కోచ్‌లకి తెలియని సంగతులు నాకు సబ్బు నీళ్ళలో తెలిసేవి.

అందుకే నేను ఆట అందరిలా చూడను. బంతి పట్టుకు పరిగెత్తేవాణ్ణి ఊరంతా చూస్తుంది, వాణ్ణి చూడ్డానికి నేనెందుకు? టీవీ గొంతు తగ్గించేసి, ముందు వరసలో గుద్దుకునే లావుపాటి కుర్రాళ్ళని చూస్తాను. ఆఖరి పావుగంటలో కిందపడ్డవాడు ఎలా లేస్తున్నాడు? చటుక్కున లేస్తున్నాడా, చెయ్యి నేలకి ఆనించి లేస్తున్నాడా? చెయ్యి ఆనించే జట్టు నవంబరు దాటదు. ఎంత పేరున్న జట్టయినా సరే. రాసిపెట్టుకో.

నేను రాసిపెట్టుకున్నాను. ఆ రాసిందే నీ మొగుడు రేడియోలో చదివాడు. పదకొండేళ్ళు.

అప్పట్లో దేశం మొత్తమ్మీద నాలుగు జట్లే వెళ్ళేవి ఆఖరి పోటీకి. టెక్సాస్‌లో ఓ హోటల్లో పెద్దమనుషులు కూర్చుని తేల్చేవారు ఎవరు పోవాలో. వాళ్ళు డిసెంబర్‌లో తేల్చేది నేను అక్టోబర్‌లో చిన్న కాగితమ్మీద రాసి మీ ఆయనకి ఇచ్చేదాన్ని. 'వదినా, నీకెందుకు ఈ గోల, ఉతికే మనిషి చెప్తే ఎవరు వింటారు? నా గొంతులోంచి వస్తే వింటారు. ఏదో ఒకరోజు నీ పేరు చెప్తాలే' అన్నాడు. నేను సరేనన్నాను. మరిదేగా, మా వెల్డా మొగుడేగా అనుకున్నాను. వెర్రిదాన్ని.

ఆ తర్వాత నాలుగుని పన్నెండు చేశారు. ఇంకేముంది, ఊళ్ళో ప్రతివాడూ జ్యోతిష్కుడైపోయాడు! జార్జియా, ఒహాయో అని ఓ ఆరు పేర్లు మంగలి షాపులో కుర్చీ కూడా చెప్తుంది. కింద మిగిలిన ఆరూ ఉన్నాయే, అదీ అసలు పరీక్ష. ఆ మొదటి ఏడు పన్నెండుకి పన్నెండూ కొట్టాను. పన్నెండూనే! చర్చి మెట్ల మీద జనం మీ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, నేను పక్కన నీ చేతిసంచీ పట్టుకుని నిలబడ్డాను. గుర్తుందా?

గుర్తుండదులే. నీ చేతులు నీకు ఖాళీగానే ఉన్నాయిగా ఆరోజు.

సరే, అదీ పోనీ. దాన్నీ మింగాను. బర్మింగ్‌హామ్ టీవీ వాళ్ళు పిలిచారు ఆయన్ని. నన్ను కూడా తీసుకెళ్ళారు మీరిద్దరూ, ఆ నీలం గౌను నువ్వే ఇస్త్రీ చేసిచ్చావు. ఇవాళ చెప్తాడు నా పేరు, ఇవాళ చెప్తాడు అనుకుంటూ మొదటి వరసలో కూర్చున్నాను. ఆ టైకట్టుకున్న పెద్దమనిషి అడిగాడు, 'ఎలా చెప్తారండీ ఇంత కచ్చితంగా?' అని. మీ ఆయన పొట్ట మీద తట్టుకుని, 'ఇక్కడ తెలిసిపోతుందండీ' అన్నాడు.

ఊరుకుంటే పోయేది. ఊరుకోడే! కెమెరా నా వైపు తిరిగింది. 'ఆవిడ మా వదినగారు. జట్టు బట్టలన్నీ ఉతికింది గానీ, బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో ఇప్పటికీ తెలీదు' అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది.

నువ్వూ నవ్వావు వెల్డా.

లేదనకు. నీ పక్కనే కూర్చున్నాను నేను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వావు. మీ ఆయన అన్నమాట నాకు చర్మమ్మీద తగిలింది. నీ నవ్వు లోపలికి దిగింది. తిరుగు ప్రయాణంలో మూడు గంటలు వెనకసీట్లో కూర్చుని నేనేం చేశాననుకున్నావు, నిద్రపోయాననుకున్నావా? నూరుకున్నాను. పళ్ళు కాదు, కత్తి.

ఒలువు, ఒలువు. ఆగావేం?

అక్టోబరొచ్చింది. మీ ఆయన ఆ వంటింటి గుమ్మంలోకొచ్చి చెయ్యి చాచాడు, పాలవాడి దగ్గర సీసా తీసుకున్నట్టు. కాగితమిచ్చాను. చదువుకున్నాడు, మొహం పాలిపోయింది. 'వదినా, మన టాలవీ లేదేంటి ఇందులో?' అన్నాడు. 'లేదు' అన్నాను. 'ఏడింటికి అయిదు గెలిచారు వదినా!' 'నీ పొట్టనడుగు మరిదీ, అది ఒప్పుకుంటే కలుపుకో' అన్నాను.

కలుపుకోడు. నాకు తెలుసు. భయం. పదకొండేళ్ళు ఇంకొకళ్ళ కళ్ళతో చూసినవాడికి సొంత కళ్ళంటే భయం వెల్డా. మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి మైకు ముందు కూర్చుని చదివేశాడు, టాలవీ లేని పన్నెండు. అంతటితో ఆగాడా? 'ఇందులో ఒక్కటి తప్పినా ఈ మైకు మళ్ళీ ముట్టను' అని ఒట్టు కూడా పెట్టాడు. ఆ ఒట్టు నేను పెట్టమన్నానా? అది ఆయన సొంత సరుకు. ఇన్నేళ్ళలో ఆ ఒక్కటే!

ఆ తర్వాత ఊరు ఊరులా ఉందా? బార్బెక్యూ కొట్టు బ్లెడ్సో తన గోడ మీంచి మీ ఆయన ఫొటో దింపేసి అక్కడ ఈగలంటుకునే జిగురు కాగితం వేలాడదీశాడు. మీ ట్రక్కు నిండా ఎవరో కోళ్ళ ఎరువు కుమ్మరించారు. నేను కాదు. నన్నడిగితే ఇంకో బండి సాయం పట్టేదాన్ని, అది వేరే సంగతి. పాస్టర్ గారు ప్రార్థనలో 'దారి తప్పిన మా సోదరుడు' అన్నప్పుడు పేరు చెప్పకపోయినా అన్ని తలలూ మీ బెంచీ వైపే తిరిగాయి.

ఇటు టాలవీ ఏమో గెలుస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. నవంబరాఖర్న థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం ఆ వానలో, ఆ బురదలో, ఆఖరి నిమిషంలో బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్ని గెలిచారు చూడు, ఊళ్ళో మగాళ్ళు ఏడుస్తూ కావలించుకున్నారు. నేను ఈ వసారాలో కూర్చుని వింటున్నాను, హారన్లు.

ఇక ఆదివారం. డిసెంబర్ మొదటి ఆదివారం. పాస్టర్ గారు పదకొండు కాకుండానే ప్రసంగం ముగించేశారు, ఆయన జన్మలో మొదటిసారి! భోజనాల హాల్లో పెద్ద తెర, పిల్లాజెల్లా అంతా జట్టు పచ్చ చొక్కాలే. మీ ఆయన కూడా పచ్చదే వేసుకొచ్చాడు పాపం, ఏ మొహంతో వేసుకున్నాడో. ఒక్కో పేరూ వస్తోంది. నా కాగితంలో ఉన్నవే, పదకొండూ ఉన్నవే. పన్నెండోది టాలవీ.

అందరూ అరుస్తారనుకున్నాను. ముందు అరవలేదు. ముందు అందరూ వెనక్కి తిరిగి మీ ఆయన్ని చూశారు. ఆ తర్వాతే అరిచారు.

ఆ అరుపులు కాస్త తగ్గాక నేను లేచాను. అవును, కుర్చీ ఎక్కలేదు, గొంతు పెంచలేదు, ఊరికే లేచి నిలబడ్డాను. 'ఆ కాగితం నాది' అన్నాను. 'పదకొండేళ్ళూ నాదే. ఈయన ఒక్క పేరు కూడా సొంతంగా చెప్పలేదు. ఈసారి కావాలనే ఒకటి తప్పు రాసిచ్చాను, ఈయనకి తేడా తెలుస్తుందేమో చూద్దామని. తెలియలేదు.'

బంతి కోలగా ఉంటుందని కూడా చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను?

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ పొటాటో సలాడ్ గిన్నెల పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. నువ్వు వెనకాలే పరిగెత్తావు. వెళ్తూ నా వైపు చూశావు చూడు, ఆ చూపు కోసమే ఇదంతా అనుకున్నాను ఆరోజు. నవ్వు బాకీ తీరిందే అనుకున్నాను.

ఇంటికొచ్చి రెండు పలకలు మొక్కజొన్న రొట్టె తిన్నాను. హాయిగా! అబద్ధమెందుకు, అంత రుచి ఎప్పుడూ తెలియలేదు.

ఇప్పుడు ఊళ్ళో నేనంటే ఎంత మర్యాదో! కిరాణా కొట్లో నాకు దారి ఇస్తారు. 'నోవలీన్ అమ్మగారితో జాగ్రత్త' అంటారు వెనకాల. బ్లెడ్సో నా ఫొటో అడిగాడు. రేడియో వాళ్ళు రెండుసార్లు వచ్చారు, ఈ ఏడు పన్నెండూ నువ్వే చెప్పు, నీ పేరుతోనే అని.

చెప్పనన్నాను. ఎంత హుందా మనిషో అనుకుంటున్నారు.

ఏంటి? ఒక్క మాట చాలా? 'కావాలని చేశాను, తప్పైంది' అంటే చాలా? ఆ ట్రక్కు దగ్గరకొచ్చి కిటికీలోంచి అంటే చాలా ఆయనకి?

ఎలా అంటానే.

కావాలని చేసుంటేగా.

అలా నోరు తెరుచుకు చూడకు. చెప్తున్నాగా. ఆ అక్టోబరు ఆదివారం, చర్చి నుంచొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. తప్పు రాద్దామనే కూర్చున్నాను, ఒట్టు. రెండు నెలలు నూరిన కత్తి ఆరోజు దించుదామనే. పన్నెండూ రాసి, అందులోంచి ఒకటి తీసి చెత్తది పెడదామనుకున్నాను. పెన్సిలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. చెయ్యి రాలేదు వెల్డా. బట్టలు సరిగ్గా ఉతక్కుండా అప్పగించమంటే అప్పగించగలనా నేను? అదీ అంతే. మీ ఆయనకి ద్రోహం చెయ్యగలను గానీ ఆ కాగితానికి చెయ్యలేకపోయాను. నిజంగా అనుకున్నవే రాశాను. పన్నెండూ. ఎప్పట్లాగే.

అవును. టాలవీ ఆ పన్నెండులోకి వెళ్ళదనే అనుకున్నాను.

ఆ ముందు వరస మధ్యలో నిలబడి బంతి వెనక్కిచ్చే కుర్రాడు, కాలెబ్, మోకాలికి కట్టు కట్టుకుని చెయ్యి నేలకి ఆనించి లేచాడు. చూశాను. రెండుసార్లు చూశాను. అయిపోయింది వీళ్ళ పని అనుకున్నాను. వాడు ఆ మోకాలితోనే అయిదాటలు ఆడాడు. వాడి కళ్ళలో ఏముందో నేను చూళ్ళేదు.

లేకపోతే... లేకపోతే అది కాదేమో. టాలవీ అంటే ఆ పచ్చ చొక్కా, ఆ పచ్చ చొక్కాలో మీ ఆయన. వాళ్ళు గెలుస్తుంటే ఆయన గంతులేస్తుంటాడు నా కళ్ళ ముందు. వాళ్ళు ఓడాలని ఎంత గట్టిగా కోరుకున్నానంటే, చూసింది కోరికో ఆటో నాకే తెలీదు. పగ పట్టినదాని కంటికి పొర కమ్మదూ? ఇన్నేళ్ళు ఎవరి మీదా ఏమీ లేకుండా చూశాను కాబట్టే కనపడ్డాయేమో అన్నీ.

మొన్న వసంతంలో వెళ్ళి గట్టు మీద కూర్చుని వాళ్ళ సాధన చూశాను. కుర్రాళ్ళు పరిగెడుతున్నారు. అంతే. ఊరికే కుర్రాళ్ళు పరిగెడుతున్నారు. ఇంకేమీ కనపడలేదు నాకు.

అందుకే చెప్పనన్నాను రేడియో వాళ్ళకి. హుందా కాదు, గాడిదగుడ్డూ కాదు.

ఆ హాల్లో లేచి నిలబడ్డప్పుడు రెండు దార్లున్నాయి నాకు. 'నేనూ పొరబడ్డాను, ఈయన తప్పేం లేదు' అనొచ్చు. అప్పుడు ఆయనా నేనూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, ఊరు ఇద్దర్నీ చూసి నవ్వేది. నాకు మళ్ళీ ఒక నవ్వు వినే ఓపిక లేదు వెల్డా.

వెళ్ళు. వెళ్ళి చెప్పు ఆయనకి. 'మా అక్క నిన్ను ముంచలేదు, తనే మునిగింది' అని చెప్పు. ట్రక్కు దిగుతాడేమో. మనిషికి ఊరటేగా, ఎవరో తనమీద పగబట్టి చెయ్యలేదని తెలిస్తే.

కానీ ఊళ్ళో మాత్రం అనకు.

ఊరు నన్ను చూసి భయపడితే భయపడనీ. పామనుకోనీ. చూపు పోయిన ముసల్దాన్నని అనుకోవడంకన్నా అదే నయం నాకు. ఏం, సిగ్గుగా ఉందా నీకు అక్కంటే? ఉండనీ.