పార్కు బొమ్మకు కోక

"కోక సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు రేపు పొద్దున్న పార్కుకి వత్తావా, రావా, అది సెప్పు."

"కోక సంగతే ముందు. నన్నడక్కుండా నా బీరువాలోంచి తీసి పార్కులో బొమ్మకి కట్టేరా, లేదా?"

"కట్టేను. ఊరి మంచికి కట్టేను."

అనకాపల్లిలో మధ్యాహ్నం భోజనాలైన వేళ. బెల్లం వ్యాపారి త్రినాధరావు పడక్కుర్చీలో కూర్చున్నాడు గాని వాలలేదు. పార్కులో పొద్దున్నే నడిచే మగవాళ్ళ సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ పార్కులో ఒంటిమీద నూలుపోగు లేని రాతి ఆడబొమ్మను పెట్టారని, సంసారులు పిల్లాపాపలతో తిరిగే చోట అదేం పాడుపని అని, తీసేయమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టి, అది తేలేలోగా కోక చుట్టి, పేపర్లో ఫొటో కూడా వేయించుకున్న పెద్దమనిషి. అంతటివాడు ఇప్పుడు భార్య నూకరత్నం ముందు కూర్చుని, తన పరువు కాపాడమని అడుగుతున్నాడు. ఆవిడ చేటలో మినప్పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆవిడకి తొందరేమీ లేదు.

"ఊరి మంచికైతే మీ పంచె కట్టాల్సింది."

"ఆడమనిసికి పంచె కడతారా ఏటే?"

"అయితే మనిసే అంటారు. మరి అది రాయండీ, వదిలెయ్యండీ అన్నందుకు జయప్రకాశ్ మాస్టార్ని మీటింగులో అలగ కసిరేరేటి?"

"అంతేనా అన్నాడు? గుడి గోడల మీద బొమ్మలకి ఏటి కడదాం ప్రెసిడెంటుగారూ అని అందరెదరా అడిగేడు. నాకు జవాబు తోచలేదు. తోచకపోతే కసరక ఏటి సేత్తాం?"

"సరే. కుచ్చిల్లు ఎవరు పెట్టేరు?"

"మా సెక్రటరీ దేవీప్రసాద్ పట్టుకున్నాడు, నేను సుట్టేను. కూకున్న బొమ్మ కదా, కుచ్చిల్లు నిలబడలేదు. సివరికి బెల్లం దిమ్మకి గోనె సుట్టినట్టు సుట్టి ముడేసేం."

"కట్టేక ఏటయింది?"

"తెలిసే అడుగుతున్నావు."

"మీ నోట ఇందామని."

"ఏటవుతాది. కోక లేనప్పుడు ఎవడూ దానికేసి సూసీవోడు కాడు. ఎండకి ఎండీది, వానకి తడిసీది. పిల్లలు దాని ఒల్లోకెక్కి ఐస్‌క్రీం తినీవోరు. కోక కట్టిన మర్నాటి నుంచి కుర్రోల్లు వరస కట్టి పైట ఎత్తి సూడ్డం మొదలెట్టేరు."

"కుర్రోల్లేనా?"

"అందుకే మా సంఘమోల్లు వంతులేసుకుని కాపలా కాసేరు."

"దేవీప్రసాద్ గారు తన వంతు అయిపోయినా కదల్లేదంటగా."

"ఒసే, ఇసయం పక్కకి లాగకు."

"లాగను. సెప్పండి."

"శుక్రవారం పొద్దున్న ఎల్తే దాని మొకం నిండా పసుపు. కాల్లకి పారాణి. మెల్లో నిమ్మకాయల దండ. కోక కట్టుంది కదా, అమ్మోరే అనుకున్నారు. కోక లేకపోతే అనుకుందురా? నా సేతులారా నేనే సేసేను. ఇప్పుడు దానికి పేరు కూడా పెట్టేరు."

"పార్కమ్మ తల్లి."

"టేసను కాడ ఆటోలోల్లు పార్కమ్మ, పార్కమ్మ అని కేకలేత్తన్నారే. బుచ్చయ్యపేట నుంచి కూడా జనం కోల్లు పట్టుకుని దిగుతున్నారు."

"మంచిదే కదండీ. బోసిగా ఉండీది పార్కు."

"మంచిదా? రేపు పొద్దున్న క్రేను వత్తంది. నా అర్జీ మీదే. ఇంజినీరు ఏటన్నాడో తెలుసా? అర్జీ పెట్టింది తమరు, క్రేను పక్కన నిలబడి ఆడోల్లకి తమరే సెప్పండి, లేదంటే అర్జీ ఎనక్కి తీసుకోండి అన్నాడు. నిలబడితే ఆడోల్లు నన్ను సింపేత్తారు. ఎనక్కి తీసుకుంటే ఊరంతా నవ్వుతాది. ఈసారి వార్డుకి నిలబడతానని అందరికీ సెప్పుకున్నాను. రెండిట్లో ఏది సేసినా నాకు ఓటుండదు."

"అందుకని నేనేటి సెయ్యాల?"

"నువ్వొచ్చి నలుగురిలో ఒక్క మాట సెప్పాల. ఇది అమ్మోరు కాదు, ఆ కోక నాది, మా ఆయన కట్టేడు అని. ఆడమనిసి సెప్తే ఆడోల్లు ఇంటారు. ఆల్లంతట ఆల్లే లేసిపోతారు. క్రేను బొమ్మనెత్తుకెల్లిపోతాది. నామీదకి మాట రాదు."

"కోక తెచ్చినోరు మీరు, కట్టినోరు మీరు. సెప్పడానికి నేనా?"

"నా మాట ఎవరు ఇంటన్నారే ఇప్పుడు?"

అంతలో ఆయన ఫోను మోగింది. దేవీప్రసాదే. త్రినాధరావు చాలాసేపు ఊఁ కొట్టి, సరేలే అని పెట్టేశాడు. సెక్రటరీగారు గొలుగొండలో ఉన్నారట. అత్తగారికి ఒంట్లో బాగులేదట, రేపటికి రాలేరట. బొమ్మకి కోక కట్టిన ఫొటోలో మాత్రం ఆయన అధ్యక్షుడికంటే ముందు, పొట్ట లోపలికి బిగబట్టి నిలబడి ఉంటాడు.

"ఎవరికంటండీ బాగులేనిది?"

"అత్తగారికంట."

"ఆవిడ దినానికి మనం ఎల్లి భోంచేసి వచ్చేం కదండీ. గారెలు బావున్నాయని మల్లీ అడిగి ఏయించుకున్నారు కూడాను."

"ఎదవ. నన్ను ఒంటరోన్ని సేసి పారిపోయేడు. సూసేవా రత్నం, ఇంక నాకు నువ్వే దిక్కు."

"అయితే నేనొకటి అడుగుతాను. ఆ బొమ్మని సూసి ఆడోల్లు సిగ్గుతో సచ్చిపోతున్నారని అర్జీలో రాసేరు. ఏ ఆడోల్లు?"

"అందరూను."

"ఒక పేరు సెప్పండి."

"పేర్లేటే... నువ్వున్నావు."

"నన్నడిగేరా?"

"ఇంట్లో మనిసిని అడిగీదేటి?"

"అడిగుంటే సెప్పీదాన్ని. సాయంత్రాలు పక్కింటి మరిడమ్మా నేనూ ఎల్లి ఆ బొమ్మకాడే కూకునీవోల్లం. తలంటుకుని జుత్తు ఆరబెట్టుకుంటున్న మనిసి. పొట్ట మీద మడతలు. జారిపోయిన రొమ్ములు. పిల్లల్ని కన్న ఒల్లు. సినిమా పోస్టరు మీద గాని, బట్టల కొట్లో నిలబెట్టిన బొమ్మల్లో గాని నాలాటి ఒల్లు ఎక్కడా సూల్లేదండీ నేను. అక్కడే సూసేను. ఓసి, నువ్వు కూడానా అనుకున్నాను. ఏడుపొచ్చింది గాని సిగ్గు రాలేదు."

త్రినాధరావు తల గోక్కున్నాడు. బొమ్మ పొట్ట మీద మడతలున్నట్టు ఆయనకి తెలియదు. అర్జీ రాసే ముందు దాన్ని సరిగ్గా చూడనేలేదు. చూడకూడని బొమ్మ కదా, పెద్దమనిషి ఎలా చూస్తాడు. కోక చుట్టేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకునే చుట్టాడు. భార్య గొంతు అలా మారడం ఆయన చాలా ఏళ్ళుగా వినలేదు, అందుకని కాస్త భయం కూడా వేసింది.

"అది కాదే. రేపు పిల్లలు అడిగితే ఏటని సెప్తాం?"

"ఇన్నాల్లూ ఒల్లోకెక్కి ఐస్‌క్రీం తిన్న పిల్లలు ఏదీ అడగలేదు కదా. పిల్లలు అడిగేది వేరే. మన పావని నడక ఎందుకు మానేసిందో తెలుసా మీకు?"

"మోకాలు నొప్పన్నావు."

"కాలేజీ పిల్లకి మోకాలు నొప్పేటండీ? గేటుకాడ బెంచీ ఉండీది కదా. మీ సంఘమోల్లు నడక అయ్యేక దాని మీద కూకుని, వచ్చే పోయే ఆడపిల్లని కిందనుంచి పైదాకా సూసీవోరు. నాన్న ఫ్రెండ్సమ్మా, నేనింక ఎల్లను అంది. ఆ మాట మీకు సెప్పలేక మోకాలన్నాను. సిగ్గున్నది అక్కడండీ. బొమ్మ ఎవరినీ అలగ సూల్లేదు."

"నేను సూసేనా?"

"మీరు పక్కన కూకున్నారు. ఆడోల్లకి ఒక మరుగుదొడ్డి కట్టించండని ఎన్నాల్ల నుంచి అడుగుతున్నాం. మీ సంఘం దానికి ఒక్క అర్జీ పెట్టిందా?"

"అదుగో. ఆ పూనకం మనిసీ ఇదే మాట."

"ఏ మనిసి?"

"మొన్న మంగళవారం నేను సరుకు పనిమీద నర్సీపట్నం ఎల్లేను కదా. ఆవేల ఎవరో ఒకావిడ మీదకి అమ్మోరు వచ్చిందంట. నన్ను కదిపితే ఊరుకోను అందంట. అంతవరకూ బాగానే ఉంది. గేటుకాడ బెంచీ పీకెయ్యండి, ఆడోల్లకి మరుగుదొడ్డి కట్టండి అని కూడా ఊగిపోయిందంట. అమ్మోరు కోడి అడుగుతాది, మేక అడుగుతాది. మరుగుదొడ్డి అడగడమేటే?"

"కావాల్సింది అడిగింది."

"బెంచీ ఆ సాయంత్రమే పీకేసేరు. దొడ్డికి పునాది తవ్వేత్తన్నారు. నా అర్జీకి క్రేను రావడానికి ఎన్ని నెలలు తిరిగేను, సెప్పులు అరిగిపోయేయి."

"మీరు తిరిగేరు. ఆవిడ ఊగింది."

"ఎటకారాలు తర్వాత. రేపు నాకు అడ్డం ఆవిడే. ఆవిడ లేకపోతే మిగిలినోల్లు పసుపూ కుంకం సర్దుకుని ఇంటికెల్లిపోతారు. పేరడిగితే ఒక్క ఆడది నోరిప్పదు. మరిడమ్మనడిగితే కొంగు నోట్లో పెట్టుకుని లోపలికెల్లిపోయింది. నీకేమన్నా తెలుసా ఎవరో?"

"తెలుసు."

"నాటకమే కదా?"

"ముందు ఆవిడా నాటకమే అనుకుందంట. క్రేను వత్తందని తెలిసి, ఆపడానికి వేరే దారి తోచక లేసిందంట. వేపమండలు పట్టుకుని నోరు తెరిసేక మాత్రం, ఇన్నాల్లూ లోపల దాసుకున్నదంతా దానంతటదే వచ్చేసిందంట. ఆపుదామన్నా ఆగలేదంట. ఎదర మున్సిపాలిటీ పెద్దాఫీసరు సేతులు కట్టుకుని, చెప్పమ్మా అన్నాడంట. పెల్లయిన కాన్నించీ ఆవిణ్ణి చెప్పమ్మా అన్న మగోడు అతనొక్కడే."

"ఆల్ల ఆయన ఏం మనిసే, పెల్లాం నడిబజార్లో ఊగుతుంటే ఊరుకున్నాడు?"

"ఆయనకి తెలీదు."

"ఇంట్లో మనిసి సంగతి తెలీదా?"

"అడగాల కదండీ."

"పోనీ, మనకెందుకు. రేపు వత్తాదా ఆవిడ?"

"వత్తాది."

"నువ్వో?"

"నేనూ వత్తాను."

త్రినాధరావు అప్పటికి కుర్చీలో వెనక్కి వాలాడు. ఎంత కాదన్నా కట్టుకున్న మనిషి, అడిగితే కాదనదు అనుకున్నాడు. రేపు ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా మనసులో సర్దేసుకున్నాడు.

"బతికించేవే. అయితే ఆవిడెదర నువ్వు నిలబడి సెప్పు. నేను నీ ఎనకాల ఉంటాను."

"ఆవిడెదర నేను నిలబడ్డం కుదరదండీ. మీరే నిలబడాల."

"నువ్వొత్తానన్నావు కదే ఒసే."

"అదే సెప్తన్నాను. రేపు అక్కడ నలుగురిలో నన్ను ఒసే అనకండి. నా సేతిలో వేపమండలు ఉన్నంతసేపూ తల్లీ అనాల."